గ్రూప్ ఇంటర్వ్యూలో ముందు మాట్లాడినవాళ్లదేనా ఉద్యోగం?

ఇంగ్లండ్‌లోని లెస్టర్ నుంచి ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పెద్ద ఉత్తరం కాబట్టి ముఖ్యమైన సంగతులే చెప్తాను. వయసు 23. సొంతూరు ఖమ్మం జిల్లాలో, నాన్నది కిరాణా కొట్టు. హైదరాబాద్‌లో బీటెక్ చేసి, బ్యాంకు లోన్ తీసుకుని, గత సెప్టెంబరులో ఇంగ్లండ్ వచ్చి ఎమ్మెస్సీలో చేరింది. యూనివర్సిటీలోనే, చూడ్డానికి వచ్చే విద్యార్థులకు క్యాంపస్ చూపించే పని వారానికి 8 గంటలు ఉంది. ఆ డబ్బు అద్దెకు చాలడం లేదు. ఒక పెద్ద సూపర్‌మార్కెట్‌లో వారానికి 12 గంటల పార్ట్‌టైమ్ పనికి అప్లై చేస్తే, గ్రూప్ ఇంటర్వ్యూకి రమ్మని మెయిల్ వచ్చింది. అక్కడి నుంచి టెన్షన్ మొదలైంది.

హైదరాబాద్‌లో క్యాంపస్ ప్లేస్‌మెంట్స్ అప్పుడు గ్రూప్ డిస్కషన్‌లో ఈ అమ్మాయి చివరిదాకా నోరు తెరవలేకపోయిందట. ఆ భయం ఇంకా పోలేదు. ఇంట్లో ఉన్న సీనియర్లు "అందరికంటే ముందు నువ్వే మాట్లాడు, ఇంకొకళ్లకి చాన్స్ ఇవ్వకు" అంటున్నారు. రెజ్యూమెలో హైదరాబాద్‌లో ఏదో సూపర్‌మార్కెట్‌లో ఆరు నెలలు చేసినట్టు రాసుకోమన్నారు. "ఏ టైమైనా, ఎన్ని గంటలైనా ఓకే అను. జూన్ నుంచి ఎలాగూ ఫుల్ టైమ్ చేసుకోవచ్చు" అని కూడా చెప్పారు. తన గదిలోనే ఉండే స్నేహితురాలికీ అదే రోజు, అదే సమయానికి పిలుపు వచ్చింది. "నువ్వేమన్నా నేను సపోర్ట్ చేస్తా, నేనేమన్నా నువ్వు చెయ్యి" అని ఆ స్నేహితురాలు ప్లాన్ చెప్పింది. ఆమె నాన్నగారికి ఒంట్లో బాగాలేదు. "దానికే నాకంటే ఎక్కువ అవసరం, నేను తప్పుకోవాలా?" అని ఉత్తరంలో ఒక ప్రశ్న. శాకాహారిని కదా, బీఫ్ ప్యాకెట్లు, మందు సీసాలు ముట్టుకోవాల్సి వస్తుందేమోనని ఇంకో ప్రశ్న. ఈలోగా తెలిసినవాళ్ల చిన్న కొట్టులో ఇంటర్వ్యూ ఏమీ లేకుండా, గంటకు 7 పౌండ్లు చేతికిస్తాం, రేపే రమ్మంటున్నారు. ఇవేవీ ఈ అమ్మాయి నాన్నకి తెలియవు.

అమ్మా, మీ ఉత్తరంలో ఇంటర్వ్యూ గురించి ఒక ప్రశ్న, దాని చుట్టూ ఇంకొన్ని ప్రశ్నలు ఉన్నాయి. మొదట ఇంటర్వ్యూ సంగతి చూద్దాం.

మీరు హైదరాబాద్‌లో చూసిన గ్రూప్ డిస్కషన్‌కీ దీనికీ పేరులో పోలిక తప్ప పెద్దగా సంబంధం లేదు. అక్కడ వందలమందిలోంచి గంటలో సగంమందిని తీసెయ్యాలి. అందుకే ఒక టాపిక్ పడేసి ఎవరు గట్టిగా మాట్లాడతారో చూస్తారు. ఇక్కడ షాపు మేనేజరుకి కావాల్సింది వేరు. శనివారం సాయంత్రం రద్దీలో నాలుగు గంటలసేపు పక్క మనిషితో గొడవ లేకుండా పనిచేసేవాళ్లు, కస్టమర్ విసుక్కున్నా మొహం మాడ్చుకోనివాళ్లు, చెప్పిన టైముకి వచ్చేవాళ్లు కావాలి. ఇలాంటి ఇంటర్వ్యూల్లో కొన్నిసార్లు బల్లకు అటువైపు కూర్చున్నదాన్ని కాబట్టి చెప్తున్నాను. మా చేతిలో ఉండే కాగితంలో 'ఎవరు ఎక్కువ మాట్లాడారు' అనే గడి ఉండేది కాదు. ఎదుటివాళ్లు చెప్పేది విన్నారా, మాట్లాడనివాళ్లను కలుపుకున్నారా, పని ముగిసేలా చూశారా, ఇవి ఉండేవి. మాట్లాడేవాళ్ల మీద పడి మాట్లాడేవాళ్ల పేరు పక్కన ఏం రాసేవాళ్లమో మీరే ఊహించుకోండి.

అలాగని మౌనంగా కూర్చుంటే కూడా కుదరదు. అసలేమీ మాట్లాడనివాళ్ల గురించి రాయడానికి ఏమీ ఉండదు, ఖాళీ కాగితానికి మార్కులు వెయ్యలేం కదా. ఎక్కువ మాట్లాడక్కర్లేదు, పనికొచ్చే మాట మూడు నాలుగు సార్లు వచ్చినా చాలు.

అన్ని కంపెనీలూ ఒకేలా చెయ్యవు గానీ, సాధారణంగా జరిగేది ఇది. ఆరుగురి నుంచి డజను మంది దాకా పిలుస్తారు. చొక్కాకి అంటించుకోవడానికి పేరు రాసిన స్టిక్కర్ ఇస్తారు. మేనేజరు పని గురించి కాసేపు చెప్తారు. తర్వాత ఒక ఐస్‌బ్రేకర్: పక్కనున్నవాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడి, వాళ్లను మిగతావాళ్లకు పరిచయం చెయ్యమంటారు. ఇక్కడ చాలామంది తమ గురించి ఏం చెప్పుకోవాలో ఆలోచిస్తూ పక్కవాళ్లు చెప్పేది వినరు. మీరు మాత్రం ఒక్క వివరం పట్టుకోండి. కుక్కపిల్ల పేరు కావచ్చు, ఇంతకుముందు చేసిన పని కావచ్చు. అది గుర్తుపెట్టుకుని చెప్తే చాలు, విన్నారని అందరికీ తెలుస్తుంది. ఆ తర్వాత అసలు గ్రూప్ పని. చివర్లో ఒక్కొక్కరితో ఓ పది నిమిషాలు విడిగా మాట్లాడతారు. కొన్నిచోట్ల మేనేజరే కోపంగా ఉన్న కస్టమర్‌లా నటించి, మీరేం చేస్తారో చూస్తారు.

గ్రూప్ పనిలో కాగితాలతో టవర్ కట్టమనొచ్చు, ఎడారి దీవిలో చిక్కుకుంటే ఏ వస్తువులు ఉంచుకుంటారో తేల్చమనొచ్చు. షాపు పనికి దగ్గరగా ఉండేది ఒకటి తీసుకుందాం. మీ ఆరుగురికీ ఒక కాగితం ఇస్తారనుకోండి. శనివారం సాయంత్రం 5 గంటలు. ఒక వరసలో పాస్తా సాస్ జాడీ పగిలి గాజు పెంకులు నేలంతా పడ్డాయి. టిల్లుల దగ్గర, అంటే బిల్లు వేసే గల్లాల దగ్గర, క్యూ పెరిగిపోయింది. వెనక గేటు దగ్గరికి ఫ్రోజెన్ సరుకు లారీ వచ్చింది. నాలుగేళ్ల పిల్లాడు అమ్మ కనిపించక ఏడుస్తున్నాడు. ఎలర్జీ ఉన్న ఒకాయన జీడిపప్పు, బాదం లాంటివి ఏవీ లేని కేకు ఏదని అడుగుతున్నాడు. చికెన్ షెల్ఫులో నిన్నటితో 'యూజ్ బై' తేదీ (ఆలోగా తినెయ్యాల్సిన తేదీ) దాటిపోయిన ప్యాకెట్ ఒకటి కనిపించింది. ఏది ముందు, ఏది తర్వాత? పది నిమిషాల్లో తేల్చండి.

పిల్లాడు ముందా, లారీ ముందా అని ఇద్దరు వాదించుకుంటూ ఉండగానే సగం సమయం అయిపోతుంది. నిజానికి అక్కడ ఉన్నది ఒక్కరు కాదు, ఆరుగురు. "ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చెయ్యక్కర్లేదు, పంచుకుందామా?" అన్న మాట ఎవరో ఒకరు అనాలి. ఆ ఒకరు మీరే అయితే ఇక వేరే తెలివి చూపించక్కర్లేదు. ఒకరు పిల్లాడి దగ్గర నిలబడి సూపర్‌వైజర్‌కి కబురు పెట్టాలి. ఒకరు గాజు పెంకుల దగ్గర మనుషుల్ని అటు రాకుండా ఆపాలి. మనుషులకు దెబ్బ తగిలేవి ఎప్పుడూ ముందు. చికెన్ ప్యాకెట్ తీసి పక్కన పెట్టడానికి క్షణం పడుతుంది, కానీ వదిలెయ్యకూడదు. ఈ దేశంలో 'యూజ్ బై' తేదీ దాటిన సరుకు అమ్మడం నేరం. 'బెస్ట్ బిఫోర్' అలా కాదు, అది రుచికి, నాణ్యతకు సంబంధించిన తేదీ, దాటినా అమ్మొచ్చు. ఈ తేడా తెలిసి మాట్లాడితే మేనేజరు తలెత్తి చూస్తారు. కేకు అడిగినాయనకి ఊహించి సమాధానం చెప్పకూడదు. ఎలర్జీ తెచ్చిపెట్టే 14 రకాల పదార్థాలను లేబుల్ మీద ప్రత్యేకంగా కనిపించేలా వెయ్యాలని ఇక్కడి చట్టం. "నాకు తెలియదు, లేబుల్ చూసి చెప్తాను" అనడమే సరైన జవాబు. లారీలో చల్లదనం ఉంటుంది కాబట్టి అది నాలుగు నిమిషాలు ఆగగలదు.

మీలాంటి నెమ్మదైన మనిషి ఇలాంటి చోట మాట కలపడానికి దారులున్నాయి. టైము చూసే పని తీసుకోండి. "ఇంకా మూడు నిమిషాలే ఉంది, రెండు తేలలేదు" అని చెప్పడానికి ధైర్యం పెద్దగా అక్కర్లేదు, కానీ అందరికీ అవసరమైన మాట అది. రాసుకునే పని కూడా ఉంటుంది గానీ, దాంట్లో ఒక చిక్కు ఉంది. కాగితం మీదికి వంగి రాసుకుంటూ నోరు కట్టేసుకునే ప్రమాదం మీలాంటివాళ్లకే ఎక్కువ. రాస్తే, చివర్లో చదివి వినిపించే పని కూడా మీరే తీసుకోండి. లేదంటే స్టిక్కర్ మీద పేరు చూసి, మాట్లాడని మనిషిని అడగండి: "మీరేమనుకుంటున్నారు?" ఒకరు ఇంకొకరి మాటకు అడ్డుపడుతుంటే వాళ్లతో తలపడకండి. ఆగిపోయిన మనిషి వైపు తిరిగి "మీరేదో చెప్తున్నారు, పూర్తి చెయ్యండి" అంటే చాలు.

యాస గురించి రెండు మాటలు. మీరు లెస్టర్‌లో ఉన్నారు కాబట్టి టిల్ దగ్గర పెద్దవాళ్లు మిమ్మల్ని 'మి డక్' అని పిలవడం వినే ఉంటారు. అది ఆప్యాయత, వెక్కిరింత కాదు. 'యూ ఆల్‌రైట్?' అని మేనేజరు అడిగితే ఆరోగ్యం గురించి అడుగుతున్నట్టు కాదు, నవ్వి 'ఆల్‌రైట్, థాంక్యూ' అంటే సరిపోతుంది. ఏదైనా అర్థం కాకపోతే 'సారీ, కుడ్ యూ సే దట్ అగైన్?' అని అడగండి. అర్థం కాకుండానే తలూపేవాళ్ల గురించి షాపులో భయపడతారు. తప్పు సరుకు తప్పు షెల్ఫులో పెట్టేది వాళ్లే.

ఇక అనుభవం. దొంగ అనుభవం రాసుకోమన్న సలహా దగ్గర నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. మీ ఉత్తరం రెండో పేజీలో మీరే రాశారు: ఇంటర్ నుంచీ సెలవుల్లో నాన్న కొట్టులో గల్లా దగ్గర కూర్చునేదాన్నని, దసరా రద్దీలో ఒకావిడ 500 నోటు ఇచ్చానని గొడవపెట్టుకుంటే గల్లా లెక్క చూసి, ఆవిడ ఇచ్చింది 200 అని తేల్చారని. దాన్ని ఒక్క వాక్యంలో దాటేసి, ఎప్పుడూ అడుగుపెట్టని సూపర్‌మార్కెట్‌లో ఆరు నెలలు ఎలా పుట్టించాలా అని ఆలోచిస్తున్నారు!

మీ ముందు రెండు దారులున్నాయి. దొంగ అనుభవం రాస్తే, విడిగా మాట్లాడే పది నిమిషాల్లో "అక్కడ రోజూ ఏం చేసేవారు?" అని ఒక్క ప్రశ్న వస్తుంది. దానికి రెండో ప్రశ్న, మూడో ప్రశ్న ఉంటాయి. దాటేశారనుకోండి, ఇక్కడ ఉద్యోగం ఇచ్చేముందు రెఫరెన్స్, అంటే మీ పని గురించి పాతచోటి వాళ్ల మాట, అడగడం మామూలు. ఆ సూపర్‌మార్కెట్ వాళ్ల మెయిల్ ఎక్కడి నుంచి తెస్తారు? చేరాక బయటపడినా తీసేస్తారు. నిజం రాస్తే, 'ఫ్యామిలీ గ్రోసరీ షాప్' అని, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, సెలవుల్లో అని రాయండి. రెఫరెన్స్‌కి నాన్నగారు పనికిరాకపోవచ్చు కాబట్టి, ఇప్పుడు మీకున్న క్యాంపస్ పనిలో సూపర్‌వైజర్ పేరు ఇవ్వండి. ఇవ్వబోయేముందు వాళ్లను ఒకమాట అడగండి.

ఆ 500 నోటు సంగతినే జవాబుగా ఎలా చెప్పాలో చూద్దాం. 'కస్టమర్‌తో ఇబ్బంది వచ్చినప్పుడు ఏం చేశారు?' అనే ప్రశ్న దాదాపు ప్రతి చోటా అడుగుతారు. ఇక్కడివాళ్లు దీనికి ఒక వరస కోరుకుంటారు: సందర్భం, మీ మీద ఉన్న బాధ్యత, మీరు చేసింది, చివరికి ఏమైంది. "దసరా ముందు రోజు కొట్టు నిండా జనం. గల్లా నాది. ఒక పెద్దావిడ తాను 500 ఇచ్చానని, నేను చిల్లర తక్కువ ఇచ్చానని గట్టిగా అరిచారు. నేను గొంతు పెంచలేదు. వెనక ఉన్నవాళ్లను ఆపకుండా నాన్నను బిల్లులు చూసుకోమని, ఆవిణ్ణి పక్కకి కూర్చోబెట్టి, ఆవిడ ముందే గల్లా లెక్కపెట్టాను. లెక్క సరిపోయింది. ఆవిడ పర్సులో 500 నోటు అలాగే ఉంది. మర్నాడు మళ్లీ మా కొట్టుకే వచ్చారు." ఇంతే, నిమిషం కూడా పట్టదు. ఇందులో చివరి వివరాలు మీ ఉత్తరంలో లేవు, నేను ఊహించాను. నిజంగా ఏం జరిగిందో అదే చెప్పండి. ఇంకో సంగతి. మనం అలవాటుగా "చూసుకున్నాం, సర్దేశాం" అంటూ ఇంటిల్లిపాదినీ కలిపేస్తాం. వాళ్లు మార్కులు వేసేది మీరు చేసిన దానికి. ఎవరు కూర్చోబెట్టారు, ఎవరు లెక్కపెట్టారు అన్నది స్పష్టంగా చెప్పండి.

పాత సరుకు ముందుకి, కొత్త సరుకు వెనక్కి సర్దడం మీ కొట్టులో చిన్నప్పటి నుంచి చేసిన పనే. ఇక్కడ షెల్ఫు నింపేవాళ్ల పని కూడా చాలావరకు అదే. దాన్ని చెప్పడానికి సిగ్గెందుకు?

ఇప్పుడు గంటల సంగతి. మీ ఉత్తరం మొత్తంలో నాకు భయం వేసింది ఇక్కడే. ఇంటర్వ్యూ పోతే ఇంకోటి వస్తుంది. వీసా పోతే లోన్ మాత్రమే మిగులుతుంది.

డిగ్రీ స్థాయి కోర్సులో ఉన్న స్టూడెంట్ వీసా మీద, క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని. వారం అంటే సోమవారం నుంచి ఆదివారం. అన్ని ఉద్యోగాలూ కలిపి 20. ఈ వారం 24 చేసి, వచ్చే వారం 16 చేస్తే సరిపోయిందనుకునే లెక్క చెల్లదు. మీకు క్యాంపస్‌లో 8 ఉన్నాయి, సూపర్‌మార్కెట్‌లో 12. కలిపితే సరిగ్గా 20. అంటే ఓవర్‌టైమ్‌కి ఒక్క గంట కూడా జాగా లేదు. "ఎన్ని గంటలైనా ఓకే" అని ఇంటర్వ్యూలో చెప్పి చేరితే, మొదటి నెలలోనే ఎవరో సెలవు పెట్టినప్పుడు "నువ్వు రాగలవా?" అని మేనేజరు అడుగుతారు. అప్పుడు కాదంటే మాట తప్పినట్టు, అవునంటే వీసా నిబంధన దాటినట్టు.

జూన్ నుంచి ఫుల్ టైమ్ అన్నది బీటెక్ లాంటి డిగ్రీ చేసేవాళ్లను చూసి చెప్పిన మాట. వాళ్లకు వేసవి సెలవులు ఉంటాయి. ఎమ్మెస్సీలో వేసవి అంతా డిసర్టేషన్ (కోర్సు చివర రాసే పెద్ద పరిశోధన వ్యాసం) రాసే కాలం, అది సాధారణంగా సెలవు కిందికి రాదు. 20 గంటల పరిమితి అలాగే ఉంటుంది. మీ కోర్సుకి అధికారికంగా సెలవులు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కాగితం సూపర్‌మార్కెట్ వాళ్లు ఎలాగూ అడుగుతారు. పనిచేయడానికి హక్కు లేనివాళ్లనో, హక్కుకి మించి చేసేవాళ్లనో పెట్టుకుంటే కంపెనీకి మొదటిసారి మనిషికి 45,000 పౌండ్ల వరకు, మళ్లీ దొరికితే 60,000 వరకు జరిమానా ఉంది. అందుకే పెద్ద కంపెనీల హెచ్ఆర్ వాళ్లు స్టూడెంట్ల టర్మ్ తేదీలు ఫైల్లో పెట్టుకుంటారు. మీరు నోటితో ఏం చెప్పినా ఆ కాగితం వేరేది చెప్తుంది.

అందుకని మీకున్న దారులు ఇవి. రెండు పనులూ ఉంచుకుని, ఓవర్‌టైమ్ చెయ్యలేనని ముందే చెప్పడం ఒకటి. ఇందులో నెలనెలా ఆదాయం స్థిరంగా ఉంటుంది, కానీ ఒక్కో వారం క్యాంపస్‌లో అరగంట ఎక్కువైనా లెక్క తప్పుతుంది కాబట్టి ఫోన్‌లో వారం వారం గంటలు రాసుకోవాలి. క్యాంపస్ పని మానేసి సూపర్‌మార్కెట్ ఒక్కటే ఉంచుకోవడం రెండోది. అప్పుడు 8 గంటల వరకు ఓవర్‌టైమ్ తీసుకునే వెసులుబాటు వస్తుంది, మేనేజరుకి కూడా అది నచ్చుతుంది. కానీ ఓవర్‌టైమ్ రాని వారాల్లో డబ్బు తగ్గుతుంది, చదువుకి దగ్గరగా ఉన్న పని, దాంతోపాటు రెఫరెన్స్ పోతాయి. 12 బదులు 10 గంటల కాంట్రాక్ట్ ఇవ్వగలరా అని అడగడం ఇంకొకటి. ఇస్తారని నమ్మకం లేదు, ఆ షిఫ్టులు ఇప్పటికే 12కి కట్టి ఉంటాయి. నేనైతే మొదటిదాని వైపు మొగ్గుతాను, కానీ మీ సూపర్‌వైజర్ గంటలు అటూ ఇటూ చేసే మనిషైతే రెండోదే నయం.

ఏది ఎంచుకున్నా ఇంటర్వ్యూలో ఇలా చెప్పండి: "నాది స్టూడెంట్ వీసా, వారానికి 20 గంటలు. వాటిలో 8 ఇంకోచోట చేస్తున్నాను. ఈ 12 గంటలు మాత్రం తప్పకుండా చెయ్యగలను. మంగళ, బుధవారాలు క్లాసులు. శుక్రవారం సాయంత్రం, శని, ఆదివారాలు ఎప్పుడైనా రాగలను." రోజులు మీ టైమ్‌టేబుల్‌ని బట్టి మార్చుకోండి. ఏ టైమైనా వస్తానని చెప్పే ఐదుగురి మధ్య, ఏ రోజు రాగలదో తేల్చి చెప్పిన మనిషి మీద మేనేజరుకి నమ్మకం ఎక్కువ. వారాంతం సాయంత్రాలకు మనుషులు దొరకడమే వాళ్లకు కష్టం.

చిన్న కొట్టు సంగతి ఇక్కడే చెప్పాలి. 2026 ఏప్రిల్ నుంచి 21 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లకు కనీస వేతనం గంటకు 12.71 పౌండ్లు. 12 గంటలకు 152.52. గంటకు 7 చొప్పున అదే 12 గంటలకు 84. సూపర్‌మార్కెట్‌లో వచ్చేంత డబ్బు అక్కడ సంపాదించాలంటే దాదాపు 22 గంటలు చెయ్యాలి, క్యాంపస్ పని లేకుండానే పరిమితి దాటిపోతుంది. అంటే ఆ తక్కువ జీతమే మిమ్మల్ని తప్పు వైపు నెడుతుంది. పే స్లిప్ ఉండదు, సెలవు జీతం ఉండదు, మధ్యలో మానేస్తే చివరి వారం డబ్బు అడగడానికి చేతిలో ఆధారం ఉండదు. డబ్బు చేతికి ఇవ్వడం దానంతటది నేరం కాదు. కనీస వేతనం, పే స్లిప్, గంటల లెక్క ఇస్తామంటే ఆలోచించండి. తెలిసినవాళ్లే కాబట్టి ఆ మాట అడిగి చూడండి, వాళ్ల మొహమే జవాబు చెప్తుంది.

బీఫ్, మందు విషయం. టిల్ మీద కూర్చుంటే బెల్టు మీద వచ్చినవన్నీ మీ చేతి మీదుగానే వెళ్తాయి. ఎక్కువ భాగం సీలు వేసిన ప్యాకెట్లే గానీ, అప్పుడప్పుడు కారుతుంటాయి. తుడుచుకోవడానికి టిల్ దగ్గరే ఏర్పాట్లు ఉంటాయి. మందు అమ్మేటప్పుడు వయసు చూడటం మీ బాధ్యత. అమ్మాల్సింది 18 నిండినవాళ్లకే అయినా, 25 కంటే చిన్నగా కనిపిస్తే ఐడీ అడిగే 'చాలెంజ్ 25' పద్ధతి చాలా షాపుల్లో ఉంది. పొరపాటున చిన్నపిల్లలకు అమ్మితే ఆ అమ్మిన మనిషి మీద కూడా చర్య ఉంటుంది. ఇప్పుడు మీరు తేల్చుకోవాల్సింది ఒకటే: ఇష్టం లేకపోయినా చెయ్యగలరా, లేక అసలు చెయ్యలేరా? చెయ్యగలిగితే ఇంటర్వ్యూలో ఎత్తక్కర్లేదు. చేరాక "కూరగాయలు, బ్రెడ్ సెక్షన్ అంటే ఇష్టం" అని చెప్పుకుంటే చాలామంది సూపర్‌వైజర్లు సర్దుతారు. అసలు చెయ్యలేనంటే, విడిగా మాట్లాడేటప్పుడే చెప్పండి. కొంత అవకాశం తగ్గొచ్చు, ఎందుకంటే 12 గంటల మనిషిని ఏ పూట ఏ పనికైనా వాడుకోవాలనుకుంటారు. కానీ చేరాక రెండో రోజున టిల్ మీద నుంచి లేచి రావడం కంటే అది మేలు.

మీ స్నేహితురాలి విషయం నాకు అన్నింటికంటే కష్టంగా అనిపించింది. ఒకరినొకరు సపోర్ట్ చేసుకునే ప్లాన్ మాత్రం వద్దు. ఒకే ఇద్దరు పదే పదే తలూపుకుంటుంటే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది, మిగతా నలుగురు బయటివాళ్లైపోతారు. మీకిద్దరికీ రావాల్సిన మార్కులు అక్కడే పోతాయి. గదిలో దూరంగా కూర్చోండి. తెలుగులో గుసగుసలు వద్దు, ఏం మాట్లాడుకున్నారో తెలియనివాళ్లకు అది బాగా అనిపించదు. ఒకే ఇంట్లో ఉంటారా అని ఎవరైనా అడిగితే దాచొద్దు. ఇద్దరికీ ఇబ్బందిగా ఉంటే ఒకరు మెయిల్ పెట్టి వేరే సమయం అడగొచ్చు. క్లాసు ఉందనే కారణం నిజమైతేనే రాయండి. ఇంకో స్లాట్ లేదంటే అవకాశం పోయే ప్రమాదం ఉంది, అది తెలిసి అడగండి.

తప్పుకోవడం గురించి. మీరు తప్పుకుంటే ఆ ఉద్యోగం ఆమెకి రాదమ్మా. ఆ రోజు వచ్చే మిగతావాళ్లలో ఎవరికో వస్తుంది. ఒక్కో గ్రూప్‌లోంచి ఇద్దరు ముగ్గుర్ని తీసుకోవడం మామూలే, ఇద్దరికీ రావచ్చు, ఇద్దరికీ రాకపోనూవచ్చు. మీకు వచ్చి ఆమెకి రాకపోతే ఇంట్లో కొన్ని రోజులు మాటలు తగ్గుతాయి. దానికి సిద్ధపడండి. ఆమెకి నిజంగా సాయం చెయ్యాలంటే ముందు రోజు సాయంత్రం కూర్చుని, పైన చెప్పిన ప్రశ్నలు ఒకరినొకరు అడుగుకోండి. ఆమె నాన్నగారి వైద్యం ఖర్చుల గురించి యూనివర్సిటీలో హార్డ్‌షిప్ ఫండ్ (డబ్బు ఇబ్బందుల్లో ఉన్న విద్యార్థులకు ఇచ్చే సాయం) ఉందేమో ఆమెతో పాటు వెళ్లి కనుక్కోండి. అంతర్జాతీయ విద్యార్థులకు వర్తిస్తుందా లేదా అన్నది యూనివర్సిటీని బట్టి ఉంటుంది.

మీ నాన్నగారికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. గల్లా దగ్గర కూర్చోబెట్టి లెక్క నేర్పిన మనిషి, కూతురు టిల్ మీద కూర్చుందంటే చిన్నబోతారని నేననుకోను. చదువు దెబ్బతింటుందేమోనని మాత్రం అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న, దానికి మీ దగ్గర జవాబు ఉండాలి.

ఇంటర్వ్యూకి ముందు ఒక సాయంత్రం ఆ షాపుకే వెళ్లండి, కొనడానికి కాదు, చూడటానికి. ఏ వరసలు ఖాళీ అవుతున్నాయి, పసుపు స్టిక్కర్లు వేసి ధర తగ్గించే మనిషి చుట్టూ ఎవరు చేరుతున్నారు, కస్టమర్లే బిల్లు వేసుకునే సెల్ఫ్ చెకౌట్ దగ్గర ఎర్ర లైటు వెలిగితే షాపువాళ్లు ఎంతసేపటికి వస్తున్నారు. "మా షాపే ఎందుకు?" అంటే చెప్పడానికి అక్కడ మీరు కళ్లారా చూసిన ఒక్క విషయం చాలు. సెయిన్స్‌బరీస్ సూపర్‌మార్కెట్ 1869లో లండన్ డ్రూరీ లేన్‌లో మొదలైందని బట్టీపట్టి అప్పజెప్పేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరుంటారు. పాపం, దాని తర్వాత ఏం చెప్పాలో వాళ్లకు తెలియదు.

సూట్ వేసుకోకండి. నల్ల ప్యాంటు, ఇస్త్రీ చేసిన సాదా చొక్కా, నడవడానికి వీలైన బూట్లు. పది నిమిషాలు ముందు వెళ్లండి, అరగంట ముందు కాదు. కస్టమర్ సర్వీస్ డెస్క్ దగ్గర ఉన్న మనిషితో మర్యాదగా మాట్లాడండి. ఆ మనిషి అభిప్రాయం తర్వాత అడిగే మేనేజర్లున్నారు. పాస్‌పోర్టు పట్టుకెళ్లండి. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీ ఈవీసా (ఆన్‌లైన్ వీసా) ఖాతాలోంచి, మీ పని హక్కును కంపెనీ ఆన్‌లైన్‌లో సరిచూసుకునే షేర్ కోడ్ తీసుకోండి, అది 90 రోజులు పనిచేస్తుంది. నివాసం కోసం తీసుకునే కోడ్, దీని కోడ్ వేరు. ఇంటి ఓనరుకి ఇచ్చినదే ఇవ్వకండి. జీతంలోంచి కట్టే పన్ను, బీమా లెక్కల కోసం ప్రభుత్వం ఇచ్చే నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఇంకా రాకపోయినా పనిలో చేరొచ్చు, అప్లికేషన్ ఉచితం, దానికి ఎవరికీ డబ్బు కట్టొద్దు.

ఎంపిక కాకపోతే "ఎక్కడ తగ్గాను?" అని మర్యాదగా మెయిల్ పెట్టండి. కొందరు జవాబివ్వరు, ఇచ్చేవాళ్లు పనికొచ్చేది చెప్తారు. ఆ కంపెనీలోనే ఇంకో బ్రాంచికి వెంటనే అప్లై చెయ్యొచ్చో, కొన్నాళ్లు ఆగాలో కూడా ఆ మెయిల్లోనే అడగండి.